నీలం టేపు

ఆగస్టు 4, సోమవారం

పెట్టెలు తిరిగొచ్చాయి. అరవైకి అరవై. ఒక్కటి కూడా విప్పలేదు.

లారీ డ్రైవరు ఇచ్చిన కాగితంలో అంతా సవ్యంగానే ఉంది. "డ్రిల్ పెట్టెలు, అరవై, సీలు చెదరకుండా వాపసు." కింద అవతలి గోడౌను స్టోర్‌కీపరు సంతకం, నేను వదినా అని పిలిచే ఆవిడది. అన్ని పెట్టెల మీదా నీలం టేపు. కానీ ఇవి డ్రిల్ పెట్టెలు కావు. డ్రిల్ పెట్టెల్లో మంచినీళ్ళ క్యాన్లు ఉంటాయి. వీటిలో డయాలసిస్ ద్రవం ఉంది. పోయిన మంగళవారం నేను పంపిన సరుకు. ఈ డిపో పెట్టాక మాకు వచ్చిన మొట్టమొదటి నిజం ఆర్డరు.

నీలం టేపు అంటే డ్రిల్లు, ఉత్తుత్తి పంపకం. పసుపు టేపు అంటే నిజం. పద్నాలుగు నెలలుగా మా లోకంలో ఉన్నవి ఈ రెండు రంగులే.

పెద్దాయన, మా హమాలీ మేస్త్రి, ఒక పెట్టె మీద చెయ్యి వేసి నా వంక చూశాడు.

"ఇది మొన్నటిదే కదమ్మా?"

"పసుపు టేపు పట్రా," అన్నాను.

ఇద్దరం కలిసి అరవై పెట్టెలకూ పాత టేపు పీకి కొత్తది వేశాం. గంటా పది నిమిషాలు పట్టింది. అదే లారీని వెనక్కి తిప్పి పంపించాను. ఆ తొందరలో ఎవరైనా అదే చేస్తారు. అక్కడ మనుషులు కళ్ళలో ఒత్తులు వేసుకుని ఎదురు చూస్తున్నారు మరి. పీకిన టేపంతా చెత్తబండిలో పోయింది.

ఆ రోజు నీలం టేపు ఎవరు వేశారో కనుక్కోవాలి. ప్యాకింగ్ దగ్గర చాలామంది తిరిగారు.

ఆగస్టు 5, మంగళవారం

ఒకాయన పోయాడట. వదిన వాళ్ళ ఊరి డయాలసిస్ కేంద్రంలో. కుట్టు మాస్టారు అంటారట, యాభై రెండేళ్ళు. ద్రవం అయిపోవస్తోందని నాలుగు గంటలు చేయాల్సింది రెండు గంటలకు కుదించారు. గురువారం వంతు, శనివారం వంతు అసలే లేవు. ఆదివారం పొద్దున పోయాడు. సరుకు బుధవారం నుంచీ వదిన గోడౌన్లోనే ఉంది. అక్కడినుంచి కేంద్రానికి నడిస్తే అయిదు నిమిషాలట.

మేనేజరు ఫోన్లో విని వచ్చి చెప్పాడు. మాస్టారికి ముందే గుండె బాగాలేదట.

అన్నం మామూలుగానే తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఆగస్టు 6, బుధవారం

ఆ రోజు ప్యాకింగ్ దగ్గర ఉన్నది ఇద్దరమే. నేనూ పెద్దాయనా.

ఆగస్టు 7, గురువారం

రాసేస్తే వదిలిపోతుందేమో చూద్దాం.

జూలై 29, తొమ్మిదీ యాభైకి ఆర్డరు వచ్చింది. ద్రవం తయారుచేసే ఫ్యాక్టరీ మూతపడింది, నిల్వలోంచి వెంటనే అరవై పెట్టెలు పంపండి అని. నలభై అయిదు నిమిషాల్లో లారీ గేటు దాటాలి. దాటకపోతే పైవాళ్ళ తెర మీద మా డిపో ఎర్రబడుతుంది. రెండేళ్ళ కిందట దారులన్నీ మూసుకుపోయి జనం ఉప్పు కోసం, మందుల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగారు కదా, మళ్ళీ అలా కాకూడదని పెట్టిన డిపోలు ఇవి. మా గోడ మీద నిలువెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది, ఏ మూలకైనా ముప్పై ఆరు గంటల్లో అని. నాకు ఆ గోడంటే ఇష్టం. ఎవరితోనూ అనలేదు గానీ, రోజూ పొద్దున దాన్ని చూసుకునే లోపలికి వెళ్తాను.

పెట్టెలు దించి చూస్తే పసుపు టేపు బయట లేదు. ఇన్నాళ్ళూ వాడే పని పడలేదు, చుట్టలన్నీ సామాన్ల గదిలోనే ఉన్నాయి. తాళం మేనేజరు జేబులో ఉంది. మేనేజరు సరఫరా వ్యవస్థ పటిష్ఠత మీద సమావేశానికి వెళ్ళాడు. చేతికందే దూరంలో నీలం టేపు ఉంది.

"రంగు మారుతుందేమోనమ్మా," అన్నాడు పెద్దాయన.

"నేను ఫోన్ చేసి చెబుతాలే," అన్నాను.

నలభై ఒక్క నిమిషాలకు లారీ గేటు దాటింది. పెద్దాయనా నేనూ చేతులు దులుపుకుని టీ తాగాం. సంతోషంగా ఉంది ఆ రోజు.

కాగితాలు చూసి వదిన కనిపెట్టలేదా అంటే, కనిపెట్టలేదు. డ్రిల్లయినా నిజమైనా కాగితాలు ఒకేలా ఉండాలని రూలు. తేడా తెలిస్తే డ్రిల్లుని ఎవరూ ఒళ్ళు దగ్గరపెట్టుకుని చేయరట. డ్రిల్ పెట్టె విప్పితే మార్కులు పోతాయి. విప్పకుండా అయిదో రోజు లారీలో వాపసు పంపాలి. ఆవిడ అక్షరం పొల్లుపోకుండా అదే చేసింది.

ఫోన్ ఎందుకు చేయలేదంటే, డిపోల మధ్య ఫోన్లు బందు. ఆ పాపం మా ఇద్దరిదే. "రేపు నీకు డ్రిల్లొస్తోంది వదినా, జుట్టు దువ్వుకుని కూర్చో" అని నేను చెప్పేదాన్ని, ఆవిడా నాకు చెప్పేది. పైవాళ్ళకి తెలిసి మెమో వచ్చింది. అందుకని ఇంటికెళ్ళి నా ఫోన్నుంచి చేద్దామనుకున్నాను. ఆ సాయంత్రం అత్తయ్యకి పంటి నొప్పి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుదరలేదు.

వదిలిపోలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

జూలై నెల ర్యాంకులు వచ్చాయి. మొదటి ర్యాంకు వదిన గోడౌనుకి. డ్రిల్ పెట్టెలను విప్పకుండా గడువులోగా వాపసు చేసినందుకు నూటికి నూరు. మాది రెండో ర్యాంకు.

మేనేజరు ప్రింటు తీసి నోటీసు బోర్డుకి అంటించాడు. అంటించాక ఏదో గుర్తొచ్చి పీకేశాడు.

ఆగస్టు 11, సోమవారం

విచారణాధికారి వచ్చాడు. రేపోమాపో రిటైరయ్యే మనిషి. క్యారేజీ తనే మోసుకొచ్చుకున్నాడు. గొంతు పెంచడం రాని మనిషిలా ఉన్నాడు. అరిచే మనిషైతే బాగుండేది.

"కూర్చోండమ్మా. కంగారేం లేదు. మొదటిసారి సరుకు నిబంధనల ప్రకారమే పంపారు కదా?"

"అవునండి."

"అవతలావిడేమో నీలం టేపుతో వచ్చిందంటోంది. డ్రైవరేమో, రంగు నాకెందుకు, కాగితాలు చూసుకుంటానన్నాడు. డ్రిల్ అనుకుని ఫొటో కూడా తీయలేదట ఆవిడ. రెండోసారి వెళ్ళినప్పుడు తీసింది. పసుపే." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మొదటిసారీ పసుపే అయ్యుంటుంది. అవునా అమ్మా?"

నేను ఏమీ అనలేదు. తల ఊపానో లేదో గుర్తులేదు.

తరవాత పెద్దాయనని పిలిచి అడిగాడు. పెద్దాయన, "నాకు చదువు రాదు బాబూ, అమ్మగారు ఎలా చెబితే అలా చేస్తాను," అన్నాడు. రంగులకి చదువెందుకని అధికారి అడగలేదు.

ఆగస్టు 12, మంగళవారం

నేను అబద్ధం చెప్పలేదు. నీలమా అని ఆయన నన్ను అడగలేదు.

ఆగస్టు 13, బుధవారం

తల ఊపాను.

ఆగస్టు 14, గురువారం

వదిన ఫోన్ చేసింది. మెమో వచ్చాక ఇదే మొదటిసారి. ఆవిడని సస్పెండ్ చేశారు, ఇక మెమోతో పనేముంది.

ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఏడాదికి పైగా గొంతే. మొదటిసారి "స్టోర్‌కీపరుగారూ" అని పిలిస్తే, "అంత పొడుగు పిలుపు ఎందుకండీ, వదినా అనండి. నేనూ అంటాను. ఎవరెవరికి ఆడపడుచో తరవాత తేల్చుకుందాం," అంది. ఇంకా తేల్చుకోలేదు.

"వదినా, నువ్వొక్క మాట చెప్పు. నీలం టేపే కదా?"

"ఎవరేమన్నారు?"

"ఎవరనేదేంటి, అందరూ! నీలమే వదినా, నా రెండు కళ్ళతో చూశాను. కేంద్రంవాళ్ళు వచ్చి అడిగితే, నిజం లోడు ఇంకా రాలేదు, ఇవి డ్రిల్ పెట్టెలని నేనే చెప్పాను. కంట్రోల్ రూముకి మూడుసార్లు చేశాను. తెర మీద చేరినట్టుంది అంటాడు వాడు. చేరింది డ్రిల్లయ్యా అంటే, అయితే నిజంది దారిలో ఉంటుంది లెండి అంటాడు. నన్ను కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. రంగులు తెలుస్తాయో లేదో చూస్తారట."

"చూపించుకో వదినా," అన్నాను. "మంచిదేగా."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఫోన్ పెట్టేసి బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

ఆగస్టు 16, శనివారం

టీ గ్లాసు పట్టుకుని నిలబడితే మా ఆయన లాక్కున్నాడు. "చెయ్యి కాలుతోంది, తెలీట్లేదా?" అన్నాడు. ఎర్రగా ఉంది అరచెయ్యి. తెలీలేదు.

ఏడుపు రావడం లేదు. ప్రయత్నించాను కూడా. స్నానాల గదిలో కుళాయి తిప్పి నిలబడ్డాను. నీళ్ళు వృథా.

ఆగస్టు 17, ఆదివారం

మాస్టారికి ముందే గుండె బాగాలేదట.

ఆగస్టు 19, మంగళవారం

కంటి డాక్టరు చుక్కల పుస్తకం చూపించి అంకెలు చదవమన్నాడట. వదిన ఒక పేజీ దగ్గర తడబడింది. భయానికి ఎవరైనా తడబడతారు. "నీలం, పసుపు రంగుల గుర్తింపులో స్వల్ప లోపం ఉండవచ్చు" అని రాసిచ్చాడట. ఉండవచ్చు.

మేనేజరు ముఖం వెలిగిపోయింది. "చూశారా, దొరికింది కారణం," అన్నాడు. మంచివాడే మేనేజరు. డిపోకి చెడ్డపేరు రాకూడదని ఆయన తాపత్రయం. ఇంతకాలం ఈ పథకం కాగితాల మీదే అన్నవాళ్ళకి ఇప్పుడు మంచి అవకాశం దొరికిందట. ఒక్క గోడౌనులో ఒక్క మనిషి కంటిలోపం అని తేలిపోతే పథకం బతికిపోతుందట.

నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విన్నాను. ఆయన చెప్పింది నిజమే అనిపించింది కూడా. వరదలొస్తే ఈ డిపోలే దిక్కు. నాలుగు ఊళ్ళకి మందులు అందుతాయి. ఆ గోడ అలా ఉండాలి.

ఆగస్టు 21, గురువారం

పెద్దాయన పక్కకి పిలిచాడు.

"అమ్మా, మీరు బెంగపెట్టుకోకండి. నా నోట్లోంచి రాదు. నా కూతురి పెళ్ళప్పుడు మీరు సెలవిప్పించారు, అది నేను మరవను."

మూడు రోజుల సెలవు. మూడంటే మూడు.

"ఆవిడ ఉద్యోగం పోతుంది పెద్దాయనా," అన్నాను.

"పోతే మీది పోకూడదు కదమ్మా," అన్నాడు. తప్పు చేస్తున్నట్టు లేదు ఆయన ముఖంలో. కష్టంలో ఉన్న ఇంటి మనిషిని కాపాడుకుంటున్నట్టు ఉంది.

ఆగస్టు 22, శుక్రవారం

అత్తయ్య పంటి నొప్పి బుధవారం. ఈ రోజు మందుల చీటీ కనబడింది, తేదీ ముప్పై అని ఉంది. మంగళవారం సాయంత్రం నేను ఎక్కడికీ వెళ్ళలేదు. కాళ్ళు చాపుకుని టీవీ చూశాను. పక్కనే ఫోన్ ఉంది. మరిచిపోయాను. కారణం ఏమీ లేదు. మరిచిపోయాను, అంతే.

ఆగస్టు 25, సోమవారం

వదిన మళ్ళీ చేసింది. గొంతు తేలిగ్గా ఉంది.

"రాసిచ్చేశాను వదినా. నేనే పొరబడ్డానని. పసుపే అయ్యుంటుంది, నాకు నీలంలా కనబడి ఉంటుంది. నీ పేరు ఎక్కడా రాకుండా రాశాను. నీ పంపకంలో ఏ లోపం లేదని కూడా రాశాను. ఎందుకంటే ఆ విచారణకొచ్చిన పెద్దమనిషి నిన్ను కూడా మళ్ళీ పిలుస్తానన్నాడు, పాపం నువ్వేం చేశావని?"

ఆవిడే మాట్లాడుతోంది.

"నవ్వకు గానీ, ఇప్పుడు పాలపాకెట్టు రంగు కూడా మా ఆయన్ని అడిగే తీసుకుంటున్నాను. రోడ్డు దాటాలంటే పక్కవాళ్ళు కదిలేదాకా కదలను. ఇన్నేళ్ళు ఏ రంగు ఎలా చూశానో ఏంటో. మా అమ్మాయికి ఎర్రగౌను అనుకుని కొన్నది అసలు ఎర్రదేనో కాదో."

"వదినా..."

"కుట్టు మాస్టారి భార్య దగ్గరికి వెళ్ళాను. కాళ్ళ మీద పడ్డాను. నా కళ్ళ వల్లే మీ ఆయన పోయాడమ్మా అన్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. మిషను మీద ఇంకా ఎవరిదో చొక్కా, ఒక చెయ్యి కుట్టి ఒక చెయ్యి కుట్టకుండా అలాగే ఉంది. ఉంటాను వదినా. నువ్వు జాగ్రత్త, ఆరోగ్యం చూసుకో."

ఆగస్టు 26, మంగళవారం

సెలవు పెట్టాను. ఏమీ చేయలేదు.

ఆగస్టు 27, బుధవారం

మా ఆయనతో చెప్పాను. అత్తయ్య కూడా అక్కడే ఉంది. చెబుతుంటే అదేదో వేరేవాళ్ళ సంగతి చెబుతున్నట్టుంది నాకు.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు.

"లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే ముందు మనిషిని బయటికి తీస్తాం," అన్నాడు. "తప్పెవరిదో తరవాత. నువ్వూ అదే చేశావు. వచ్చిన లారీని వెంటనే తిప్పి పంపావు. ఇంకా పదిమంది ఉన్నారు కదా అక్కడ. వాళ్ళని తీశావు."

"ఒకాయన్ని తీయలేదు."

"ఆవిడ రాసిచ్చేసింది. విషయం సద్దుమణిగింది. ఇప్పుడు నువ్వు కదిపితే ఉద్యోగం పోతుంది. ఒక్క ఉద్యోగమేనా? టేపు మార్చి దాచావంటారు. కేసు పెడతారు."

"దాచాననే అంటారు. దాచాను."

ఆ మాట పైకి అన్నది ఇదే మొదటిసారి. తొందరలో టేపు మార్చాల్సిందే, అది నిజం. కానీ పీకిన టేపుని గేటు బయట చెత్తబండిదాకా నేనే మోసుకెళ్ళి వేశాను. డిపోలో నాలుగు చెత్తబుట్టలున్నాయి. తొందరలో ఉన్న మనిషి అంత దూరం నడవదు.

అత్తయ్య లేచి నా దగ్గరికి వచ్చింది. ఏదో ఒకటి అంటుందని చూశాను. అత్తయ్య ఎప్పుడూ ఏదో ఒకటి అంటుంది.

"ఆవిడకి పిల్లలెంతమంది?" అంది.

"ఒక్కతే అమ్మాయి."

"రేపు ఆ పిల్ల కూడా మా అమ్మ కళ్ళ వల్లే అనుకుంటూ పెరుగుతుంది కదే," అంది. అని లోపలికి వెళ్ళిపోయింది. మా ఆయన తల వంచుకున్నాడు.

ఆగస్టు 28, గురువారం

ఉత్తరం రాసి విచారణాధికారికి చేతికే ఇచ్చాను. రెండు పేజీలు. ఆయన నిలబడే చదివాడు. చదివాక కూర్చున్నాడు.

"నివేదిక నిన్ననే పంపేశానమ్మా."

"వెనక్కి తెప్పించండి."

"అంత తేలికా? నేనే సరిగ్గా అడగకుండా పసుపని రాసుకున్నానని ఒప్పుకోవాలి ముందు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు ఆ రోజే చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "పంపుతాను," అన్నాడు. ఉత్తరం మీద ముద్ర వేసి నకలు నాకు ఇచ్చాడు.

మేనేజరు తాళాలు అడిగి తీసుకున్నాడు. పెద్దాయన గేటుదాకా వచ్చి, "నన్ను కూడా రాశారా అమ్మా?" అన్నాడు. "రంగు మారుతుందని నువ్వు చెప్పావనీ, నేనే వినలేదనీ రాశాను," అన్నాను. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆగస్టు 30, శనివారం

బస్సులో అయిదు గంటలు. మా లారీ వెళ్ళే దారే. ఎప్పుడూ తెర మీద చుక్కగా చూడటమే గానీ, అన్ని మలుపులు ఉంటాయని తెలీదు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసినావిడ నేననుకున్న దానికంటే పొట్టి, నాకంటే పెద్దది. గొంతు వినేదాకా ఆవిడేనని నమ్మకం కలగలేదు.

"ఎవరు కావాలమ్మా?"

"వదినా," అన్నాను.

ఒక్క క్షణం ఆగి నన్ను గట్టిగా వాటేసుకుంది. "ఇదేంటి, చెప్పాపెట్టకుండా! ఏమండీ, వదినొచ్చింది! అన్నం తినలేదు కదూ? ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో!" లోపలికి లాక్కెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంకో మాట అననిస్తే నాకు ధైర్యం పోయేది.

"నీలమే వదినా," అన్నాను.

"ఏంటి?"

"టేపు. నీలమే. పసుపుది చేతికందకపోతే నేనే నీలం వేశాను. నీకు ఫోన్ చేద్దామనుకుని మరిచిపోయాను. తిరిగొచ్చాక పీకి పారేశాను. విచారణాధికారి అడిగితే తల ఊపాను. ఉత్తరం రాసిచ్చాను మొన్న, ఇదిగో నకలు."

కాగితం తీసుకోలేదు. నిలబడి నా నోటి వంకే చూస్తోంది.

"ఏ రంగు?" అంది.

"నీలం."

"మళ్ళీ చెప్పు."

"నీలం వదినా."

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయి."

మెల్లిగా గోడకి చేరగిలబడింది. అరిచి తిడుతుందేమో అనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. నన్ను కాదు, ఎవరినో అడుగుతున్నట్టు అడిగింది.

"మరి ఆవిడ కాళ్ళ మీద నేనెందుకు పడ్డాను?"

అప్పుడు వచ్చింది ఏడుపు. ఇరవై ఆరు రోజులకి. ఆవిడ ముందు నేను ఏడవడం ఏమిటని లేచి గుమ్మం వైపు నడిచాను.

"కూర్చో," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఎక్కడికి వెళ్తావు? కూర్చో."

వాళ్ళాయన్ని పిలిచింది. పక్క గదిలో చదువుకుంటున్న కూతుర్ని కూడా పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఇప్పుడు మొదట్నుంచీ చెప్పు. మా అమ్మాయి వినాలి. విన్నాక మాస్టారి ఇంటికి వెళ్దాం, అక్కడా నువ్వే చెబుదువు గాని."

జూలై 29, తొమ్మిదీ యాభైకి ఆర్డరు వచ్చింది అని మొదలుపెట్టాను.